బూడిద రంగు మూత

మధ్యాహ్నం నాలుగు గంటల లోపల తిరుమలమ్మాళ్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అప్పటికి ఆమెను పట్టుకొచ్చి ఇరవై నాలుగు గంటలవుతుంది. ఆ తర్వాత రిమాండు, మదురై జైలు. నా గడియారంలో పదకొండూ ఇరవై. ఇప్పటికే ఇరవై నిమిషాలు ఆమె ఎదురుగా బల్ల మీద కూర్చుని ఆమె మౌనం చూస్తూ తగలేశాను.

నా పేరు జెబమలర్. కోయంబత్తూరులో నగరపాలిక కార్మికుల కాలనీలో పుట్టిన తెలుగుదాన్ని. ప్రభుత్వాసుపత్రి ల్యాబులో పద్దెనిమిదేళ్లు పనిచేసి, ఒక పెద్ద డాక్టరుతో జగడం పెట్టుకుని బయటికొచ్చి, డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాను. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. అందరూ అబద్ధం చెప్పరు కదా. నిన్న సాయంత్రం సూలూరు మిల్లులో పనిచేసే అభిరామి అనే పిల్ల ఫోన్ చేసి, వాళ్లమ్మ తిరుమలమ్మాళ్ మీద హత్యాప్రయత్నం కేసు పెట్టారని చెప్పింది, ఆపైన ఏడుపు తప్ప ఇంకేమీ వినిపించలేదు. తెల్లవారుజామున బస్సెక్కి తిరుమంగళం వచ్చేశాను.

కేసు ఇది. తిరుమలమ్మాళ్ అన్న చెన్నకేశవన్‌కు అరవై ఆరేళ్లు. భార్య పోయింది, పిల్లల్లేరు. భర్త పోయిన చెల్లెలు పన్నెండేళ్లుగా అన్న ఇంట్లోనే ఉంటోంది. ఇద్దరి పేరిటా ఎనిమిదెకరాల నల్లరేగడి. మంగళవారం పొద్దున ఆరూ నలభైకి ఆమె చేనుకి సద్ద కూళు తీసుకెళ్లింది. సద్ద కూళంటే మనం సజ్జ అంబలి అనేదే. ఏడూ ఇరవైకి ఆయన చెమటలు కక్కుతూ చేలోనే పడిపోయాడు. ఎనిమిదీ పదికి ఆసుపత్రిలో రక్తం తీశారు. అందులో పురుగుమందు విషం ఉందని రిపోర్టు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఈమెను తీసుకొచ్చారు.

కూళు ఎవరు కాచారని అడిగాను. తనేనంది. చేనుకి ఎవరు మోసుకెళ్లారు? తనే. రెండింటికీ జవాబు తడుముకోకుండా వచ్చింది.

"అన్న తాగినాడా?" అన్నాను.

ఆమె గోడవైపు తిరిగింది. మహిళా పోలీసు స్టేషన్లో ఫ్యాను ఒకటే మాట్లాడుతోంది. నాకు ఒళ్లు మండింది. నీ కూతురు రాత్రంతా నిద్రపోలేదు, నాలుగింటికి నిన్ను జైలుకి పంపుతారు, అవుననో కాదనో ఒక్క మాట చెప్పడానికి నీకేం అడ్డమని గట్టిగానే అడిగాను.

"అది మాత్రం చెప్పకూడదు మా," అంది తిరుమలమ్మాళ్ నెమ్మదిగా. "వేరే ఏమన్నా అడుగు. అన్న ఎట్ల ఉండాడు, అది చెప్పు."

విషం పెట్టిన మనిషి ఆ ప్రశ్న అడగదని కాదు, నటించేవాళ్లు బోలెడుమంది. కానీ దోషి అయితే "తాగినాడు, నాకేమీ తెలియదు" అనేస్తుంది. ఈమె జవాబు దాచింది. దాని సంగతేమిటో చేను చెప్పాలి.

పన్నెండూ ఐదుకి ఆటో దిగి చేలో నడిచాను. పత్తి విత్తనం వేసిన సాళ్లు పదకొండు పూర్తయ్యాయి. పన్నెండోది సగంలో ఆగింది, అక్కడ మట్టి మీద మనిషి పడిన గుర్తుంది. అంటే ఆయన వంగుని పదకొండున్నర సాళ్లు విత్తాడు. పోలీసులు ఇక్కడిదాకానే చూసి, ఖాళీ చెంబు పట్టుకుపోయారు. చెంబు ఖాళీ కనక మనిషి తాగాడని రాసుకున్నారు.

నేను మొదటి సాలు మొదటికి వెళ్లాను. అక్కడ మూరెడు పొడవున మట్టి తెల్లగా పెచ్చు కట్టి ఉంది. వేలితో గీకితే సద్ద నలుసులు, చిన్న ఉల్లిపాయ ముక్క. కూళు మొత్తం నేల మీదే ఉంది. దాని మీద చీమలు, ఎర్రవీ నల్లవీ, బారులు తీరి మోసుకుపోతున్నాయి. పది నిమిషాలు గడియారం పెట్టుకుని చూశాను. ఒక్క చీమ కాళ్లు చాచలేదు. పురుగుమందు కలిసిన కూళు తిని పురుగు బతికిందంటే ఆ కంపెనీ మూసుకోవాల్సిందే. ఫోటోలు తీసి, పెచ్చు కొంచెం కవర్లో వేసుకుని, అభిరామికి ఫోన్ చేశాను.

ఆ పిల్ల చెప్పింది. "మామ అది భూమికి పోసేసుంటాడు అక్కా. తొలి విత్తు వేసేనాడు మామ పచ్చి నీళ్లు తప్ప ఏమీ ముట్టడు. అమ్మ తెచ్చే తొలి చెంబు భూమికి. విత్తేది ముగించి, ఇంటికొచ్చినాకే తింటాడు. మొలక వచ్చేదాకా ఆ మాట బయట చెప్పకూడదంట. చెప్తే మొలక రాదంట. అమ్మ చెప్పలేదా?"

చెప్పలేదు. వారం రోజుల్లో రావలసిన మొలక కోసం ఏళ్ల తరబడి జైలుకి పోవడానికి సిద్ధపడి కూర్చుంది. నాకు కోపమూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెంటినీ తుడుచుకుని ఇంకో ప్రశ్న అడిగాను, మామకి చక్కెర జబ్బు ఉందా అని. ఉంది. రోజూ ఆరింటికి మాత్ర వేసుకుంటాడు, పండగైనా పస్తైనా మానడు. అదీ సంగతి. పొద్దున్నే చక్కెర మాత్ర, కడుపులో ఏమీ లేదు, పదకొండున్నర సాళ్ల వంగుడు. ఎవరైనా పడిపోతారు.

ఒంటిగంటా నలభైకి ఆసుపత్రికి చేరాను. తిరుమంగళంలో చిన్న ప్రైవేటు ఆసుపత్రి, పేరు చెప్పను. కింద ల్యాబు, పైన వార్డు. వాకిట్లో పోలీసు జీపుంది, అందులో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య తిరుమలమ్మాళ్. మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే దారిలో రిపోర్టు మీద డాక్టరు సంతకం కోసం ఆగారు. ల్యాబు తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ పాండియన్ నిలబడి ఉన్నాడు. తాళాలకు పేరుపడ్డ దిండిగల్ మనిషి. తెలుగు అర్థమవుతుంది, తమిళంలోనే మాట్లాడతాడు. కోయంబత్తూరు నుంచి డిటెక్టివ్ వచ్చిందని అప్పటికే విన్నాడు, అది ఆయనకి నచ్చలేదు.

చేలో చూసినదంతా చెప్పి కవరు చేతికిచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి తిరిగిచ్చేశాడు.

"రిపోర్టు మీద డాక్టరు సంతకం ఉంటుందమ్మా," అన్నాడు పాండియన్. "చీమలు సంతకం పెట్టవు."

ఆ మాట ఎదుటివాడు అన్నాడు గానీ, బాగుందని లోపల ఒప్పుకున్నాను. ఆయన లెక్క గట్టిది. పురుగుమందు మన నరాల్లో ఒక ఎంజైమును కట్టిపడేస్తుంది, దాని తోబుట్టువు ఒకటి రక్తంలో ఉంటుంది, కోలినెస్టరేజ్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాడికి అది అయిదు వేలకి పైన ఉండాలి. చెన్నకేశవన్‌కి తొమ్మిది వందలు. పైగా పురుగుమందు వాసన వచ్చిందని చెప్పినవాడు ఉన్నాడు. వసంతకుమార్, చెన్నకేశవన్ చనిపోయిన తమ్ముడి కొడుకు, తేనిలో ఏలకుల వ్యాపారం. చేలో పాక వెనక సగం ఖాళీ అయిన మందు డబ్బా చూపించిందీ అతనే. రెండు రోజుల ముందే ఊరికి వచ్చాడట, ఎనిమిదెకరాలూ సోలారు కంపెనీకి ఇచ్చేయమని అడగడానికి. పెద్దవాళ్లిద్దరూ కుదరదన్నారు. పెద్దాయన చచ్చి, చంపిన నేరం చెల్లెలి మీద పడితే భూమి ఎవరికి పోతుందో ఆలోచించారా అని పాండియన్ను అడిగాను. ఆలోచించానన్నాడు, కానీ ఆలోచనని కోర్టులో పెట్టలేనన్నాడు.

అయితే రక్తం చూపించమన్నాను. ల్యాబులో ఒక్కతే ఉన్న టెక్నీషియన్ షణ్ముగప్రియ ఫ్రిజ్ తెరిచి నిన్నటి గొట్టం తీసి పెట్టింది.

దాని మూత బూడిద రంగు.

పద్దెనిమిదేళ్ల ఉద్యోగం ఒక్కసారిగా నా లోపల లేచి నిలబడింది. కుర్చీ లాక్కుని ఆ అమ్మాయిని వరసగా అడిగాను, ఎన్ని గంటలకి ఏం జరిగిందో నిమిషాలతో చెప్పమని. ఎనిమిదీ పదికి రక్తం తీసింది. చక్కెర రోగి స్పృహ తప్పాడు కనక ముందు చక్కెర చూడాలని బూడిద మూత గొట్టం తీసుకుంది, అది సరైన పనే. నరం దొరక్క గొట్టంలో పావు వంతే రక్తం పడింది. చక్కెర నలభై ఒకటి వచ్చింది, డెబ్భైకి పైన ఉండాలి. గ్లూకోజు ఎక్కించగానే పెద్దాయన కళ్లు తెరిచాడు. పదిన్నరకి వసంతకుమార్ వచ్చి వాసన సంగతి చెప్పాడు. డాక్టరు విషం పరీక్ష కూడా చేయమన్నాడు. అప్పటికి బయట తొంభై మంది లైన్లో ఉన్నారు, మళ్లీ నరం వెతికే తీరిక లేదు.

"అదే గొట్టంలో మిగిలిన రక్తంతో చేసినావు," అన్నాను.

షణ్ముగప్రియ తల ఊపింది. తప్పు ఒక్కదాన్ని కూర్చోబెట్టి తొంభై మందిని పంపినవాళ్లది, నువ్వు ఏడవకు, నాకు పని ఉందని చెప్పాను.

పాండియన్‌కి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది. గొట్టంలో ఉన్నా సరే రక్తకణాలు బతికే ఉంటాయి, చక్కెర తింటూనే ఉంటాయి. ఆలస్యమైతే చక్కెర తక్కువ చూపిస్తుంది. అందుకని బూడిద మూత గొట్టంలో ఫ్లోరైడు పొడి వేసి ఉంచుతారు. ఆ పొడి చక్కెర తినే ఎంజైములను ఆపుతుంది. కానీ దానికి మొహమాటం లేదు, కోలినెస్టరేజ్‌నీ పట్టుకుంటుంది. నిండు గొట్టానికి వేసిన పొడిలో పావు గొట్టం రక్తం పడితే ఇంక చెప్పేదేముంది.

పాండియన్ తెలివితక్కువవాడు కాదు. ఎంజైమును పొడి ఆపినా, పురుగుమందు ఆపినా మిషన్లో తొమ్మిది వందలే కదా కనపడేది, ఇది పొడి పని అని నీకెట్లా తెలుసన్నాడు. ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాను.

"మీ ఇంట్లో తాళాలు చేస్తారని విన్నాను సార్," అన్నాను. "రంధ్రంలో తప్పు తాళంచెవి పెడితే తాళం తెరుచుకోదు. బయటికి లాగితే మళ్లీ పనిచేస్తుంది. చెవి లోపలే విరిగిపోతే?"

"లాగినా రాదు," అన్నాడు పాండియన్. "మా నాన్న దానికి వేరే కొక్కెం పెట్టుకునేవారు. వెంటనే తెస్తే తీసేవారు. తుప్పు పట్టాక తెస్తే పారేయమనేవారు."

ఫ్లోరైడు తప్పు చెవి లాంటిది, పురుగుమందు విరిగిన చెవి లాంటిదన్నాను. రక్తంలో పదింతలు సెలైను నీళ్లు కలిపితే పొడి పల్చబడి ఎంజైమును వదిలేస్తుంది. వచ్చిన అంకెను పదితో హెచ్చిస్తే అసలు బలం బయటపడుతుంది. పురుగుమందు అయితే సముద్రం కలిపినా వదలదు, పదితో హెచ్చించినా అదే తొమ్మిది వందలు. పాండియన్ గడియారం చూసుకున్నాడు. రెండూ ఐదు. ఇరవై నిమిషాలు ఇస్తానన్నాడు.

షణ్ముగప్రియ కొలత తప్పలేదు. ఎంజైము బతికుంటే గొట్టంలో పసుపు రంగు వస్తుంది, లేకపోతే రాదు. నీళ్లు కలపని నిన్నటి రక్తం నిన్నటిలాగే చచ్చుగా ఉంది. నీళ్లు కలిపినదాన్ని పది నిమిషాలు ఉంచి, పరీక్ష మందు వేసి మిషన్లో పెట్టాం. మూడు నిమిషాల్లో గొట్టం మంగళస్నానం నీళ్లలా పచ్చబడింది. మిషను ఆరు వందల నలభై చూపించింది. పదితో హెచ్చిస్తే ఆరువేల నాలుగు వందలు.

మళ్లీ చేయమన్నాడు పాండియన్. చేశాం. ఆరువేల రెండు వందల యాభై. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

మంగళవారం పొద్దున ఆ మనిషి ఒంట్లో విషం లేదు. ఉన్నదల్లా పస్తూ, చక్కెర మాత్రా. లేని విషానికి నిన్నటి నుంచి విరుగుడు ఎక్కించి ఆయన మతి పోగొట్టారు, అందుకే నోరు తెరిచి చెప్పలేకపోయాడు. నాకు గంతులేయాలనిపించింది. కానీ కోర్టుకి ఇంకా గట్టిగా ఉండాలి. సరైన గొట్టంలో తీసిన రక్తం పక్కన పెడితే ఎవరూ కాదనలేరు. అలాంటిది ఉందా అని అడిగితే షణ్ముగప్రియ ఉందంది. ఈ మధ్యాహ్నం పన్నెండూ పదిహేనుకి డాక్టరు మళ్లీ తీయించాడు. ఎర్ర మూత, నిండు గొట్టం, ఏ పొడీ లేదు. ఇంకా పరీక్ష చేయలేదు.

ఆరువేలు వస్తుందని పాండియన్‌కి ముందే చెప్పేశాను. నాకు ఆ గర్వం ఒకటి.

ఏడు వందలు వచ్చింది.

మిషను తప్పనుకుని మళ్లీ పెట్టించాను. ఏడు వందల ఇరవై. పదింతలు నీళ్లు కలపమన్నాను. పది నిమిషాలు ఆగాం. పరీక్ష మందు వేశాక మూడు నిమిషాలు గొట్టాన్నే చూశాను. పసుపు రాలేదు. డెబ్భై ఒకటి. పదితో హెచ్చిస్తే ఏడు వందల పది. నీళ్లు దాన్ని కదిలించలేదు.

నా కంటే ముందు పాండియనే అన్నాడు. "ఇది విరిగిన చెవి."

"అవును సార్. నిన్న విషం లేదు. ఈరోజు ఉంది. నిన్న నాలుగింటి నుంచి ఆమె మీ దగ్గరే ఉంది."

అంటే విషం పెట్టింది ఇక్కడే, ఈ ఆసుపత్రిలో, ఈ పొద్దున. నిన్నటి రిపోర్టు ఎవడికో దారి చూపించింది. విషం ఎక్కిందని అందరూ నమ్మారు, నేరస్తురాలు దొరికింది, ఇక నిజంగా విషం పెట్టినా ఎవరూ కొత్తదనుకోరు. ఒంట్లో కొత్త లక్షణాలు కనపడినా పాత విషమనే అనుకుంటారు, మందు వాసన వచ్చినా పాత వాసనే అనుకుంటారు. గోడ గడియారం రెండూ యాభై ఐదు చూపిస్తోంది. పెద్దాయన దగ్గర ఎవరున్నారని పాండియన్ అడిగాడు. పొద్దున్న ఏడింటి నుంచి వసంతకుమార్ ఒక్కడే, ఇంకెవర్నీ రానివ్వడం లేదని, సొంత కొడుకు కూడా అలా చూసుకోడని వార్డులో అందరూ అంటున్నారని షణ్ముగప్రియ చెప్పింది.

"ఏం తినిపించాడు, ఏం తాగించాడు?" అన్నాను.

"ఏమీ లేదక్కా. నిన్నటి నుంచి నోటికి నీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు డాక్టరు. అంతా నరంలోనే."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా నిలబడే టైమూ లేదు. నిన్నటి నుంచి ఎక్కిస్తున్న విరుగుడు కాకుండా, విరిగిన చెవిని లాగే మందు ఇంకొకటుంది, ప్రాలిడాక్సిమ్. విషం ఎంజైము మీద గట్టిపడక ముందే ఇస్తే దాన్ని లాగేస్తుంది, ఒక రోజు దాటితే పనిచేయదు. మదురై నుంచి తెప్పించారట, పొద్దున్నే వచ్చిందట, పెద్దాయన ఊపిరి బాగానే ఉందని అల్మరాలో పెట్టేశారట. అది తీసుకుని డాక్టరును వెంటబెట్టుకు రమ్మని ఆ అమ్మాయికి చెప్పి మెట్ల మీద పరుగెత్తాను. యాభై రెండేళ్లకి మోకాళ్లు ఒప్పుకోలేదు, పాండియన్ నన్ను దాటి వెళ్లిపోయాడు.

తలుపు దగ్గరే ఆగాడు. నేనూ ఆగాను.

చెన్నకేశవన్ మంచం మీద చెమటతో తడిసి ఉన్నాడు, పెదవి చివర నురగ, ఊపిరి గరగరమంటోంది. కాళ్ల దగ్గర స్టూలు వేసుకుని వసంతకుమార్ కూర్చున్నాడు. స్టీలు గిన్నెలో ఆముదం. పెదనాయన కుడికాలు ఒళ్లో పెట్టుకుని, అరికాలికి నూనె మర్దనా చేస్తున్నాడు, వేళ్ల సందులు కూడా వదలకుండా, ఎంతో ఓపికగా. మమ్మల్ని చూసి చల్లదనానికి రాస్తున్నానని, పొద్దున్నుంచి ఇది మూడోసారని చెప్పాడు. పురుగుమందు నోట్లోంచే పోనక్కరలేదు, నూనెలో కలిపి రాస్తే చర్మంలోంచి కూడా పోతుంది.

పాండియన్ ఆ కాలు చూడలేదు. అతని చేయి చూస్తున్నాడు.

"తంబీ," అన్నాడు చాలా మెల్లగా, "కన్న తండ్రి లాంటి మనిషికి నూనె రాయడానికి గ్లవుజు ఎందుకు? అదీ రెండు, ఒకదాని మీద ఒకటి?"

వసంతకుమార్ తన చేయి తనే మొదటిసారి చూసుకున్నట్టు చూసుకున్నాడు. మర్దనా ఆగిపోయింది. పాండియన్ గిన్నెను చేతిరుమాలుతో పట్టుకుని కిటికీలో పెట్టి, ఆ గ్లవుజులు అలాగే ఉంచుకోమన్నాడు.

మూడూ ఐదుకి డాక్టరు మందు మొదలుపెట్టాడు. నర్సులు సబ్బునీళ్లతో కాళ్లు మోకాళ్ల దాకా నాలుగుసార్లు కడిగారు. పాండియన్ కిటికీలోంచి కిందికి చూసి, ఆమెను జీపులోంచి దింపమని, సీటు ఖాళీ చేయమని, దానికి వేరే మనిషి వస్తున్నాడని కానిస్టేబుళ్లకి కేకేశాడు. తర్వాత కోర్టుకి ఫోన్ చేసి తిరుమలమ్మాళ్‌ను తీసుకురావడం లేదని చెప్పాడు. తలుపు పక్కనున్న కుర్చీ తనే ఎత్తుకొచ్చి మంచం పక్కన వేశాడు.

పైకి వచ్చిన తిరుమలమ్మాళ్ ఆ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అన్న చేయి పట్టుకుంది. ఏం జరిగిందని ఎవర్నీ అడగలేదు, వసంతకుమార్‌ను కిందికి తీసుకెళ్తుంటే తల తిప్పలేదు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, కాసేపాగి మళ్లీ విని, గరగర తగ్గుతోందన్నాడు. ఇంకో రెండు రోజులు కాపలా కాయాలి, కానీ బతుకుతాడన్నాడు.

గోడ మీద నాలుగు కొట్టింది. జైలు బండి ఎక్కాల్సిన ఆ నిమిషంలో తిరుమలమ్మాళ్ నా వైపు తిరిగింది.

"నా వేలు పట్టుకున్నాడు మా," అంది. "గట్టిగా పట్టుకున్నాడు, చూడు."